స్కోరుబోర్డు చూసి కోచ్‌కి మార్కులేయకండి

ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఉన్నారనుకోండి. ఆయన హయాంలో టీము 55 మ్యాచ్‌లు గెలిచింది, 60 ఓడిపోయింది. ఆ తర్వాత అక్కడికి వచ్చిన కోచ్‌లందరికీ ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. ఈయన ఒక్కడి లెక్కే తిరగబడింది. ఇప్పుడు చెప్పండి, పదికి ఎన్ని మార్కులేస్తారు?

మూడో నాలుగో వేసేముందు ఆయన పేరు వినండి. జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిందే ఆయన. 1891 చలికాలంలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో వ్యాయామం నేర్పేవారు. బయట చలి, లోపల విసుగెత్తిపోయిన 18 మంది స్టూడెంట్లు. వాళ్లను ఎలాగైనా దారిలో పెట్టమని పైవాళ్లు ఆయనకు అప్పగించారు. జిమ్‌లో బాల్కనీ కమ్మీకి అటొకటి ఇటొకటి పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి, 13 రూల్స్ రాసి, తొమ్మిది మంది చొప్పున విడగొట్టి ఆడించారు. ఆ కమ్మీ పదడుగుల ఎత్తులో ఉంది. అందుకే ఈ రోజుకీ రింగు ఎత్తు పదడుగులే, అంటే 3.05 మీటర్లు. 1898లో ఆయన కాన్సాస్ యూనివర్సిటీకి వెళ్లి అక్కడ కోచ్ అయ్యారు. పైన చెప్పిన గెలుపోటముల లెక్క అక్కడిదే.

ఈ కథ ఇప్పుడెందుకంటే, నగరిలోనో పుత్తూరులోనో డిగ్రీ చదువుతూ, సాయంత్రం ఒక గంట బంతి కొట్టి, ‘మా పీడీ సార్‌లాగా నేనూ కోచ్ అయితే ఎట్లుంటుంది?’ అని లోలోపల అనుకునేవాళ్లు ప్రతి కాలేజీలో ఇద్దరు ముగ్గురుంటారు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాదు. చెబితే వచ్చే మొదటి ప్రశ్న తెలుసు కాబట్టి. ఆ ఇద్దరు ముగ్గురి కోసమే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కాలేజీ కోచ్ ఉద్యోగం మంచి ఉద్యోగం. కప్పుల కోసం దిగేవాళ్లు మాత్రం మధ్యలోనే విసిగిపోతారు. చేతికింద ఆడిన పిల్లలు చివరికి ఏమయ్యారన్నదే తన అసలు లెక్క అనుకునేవాళ్లే ఇందులో నిలబడతారు.

ఓడిన కోచ్ శిష్యులు

నైస్మిత్ లెక్క ఓటములతో ఆగిపోలేదు. కాన్సాస్‌లో ఆయన దగ్గర ఆడిన ఫారెస్ట్ అలెన్ అనే కుర్రాడు తర్వాత అదే యూనివర్సిటీకి 39 సీజన్లు కోచ్‌గా ఉన్నాడు. బాస్కెట్‌బాల్‌ని ఒలింపిక్స్‌లో చేర్చాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆట చేరింది. తన ఆట అక్కడ ఆడుతుంటే నైస్మిత్ కళ్లారా చూశారు.

1952లో అలెన్ జట్టు అమెరికా కాలేజీ చాంపియన్ అయింది. ఆ జట్టులో డీన్ స్మిత్ అనే ఒక రిజర్వు ఆటగాడు ఉన్నాడు. ఎక్కువ సేపు బెంచీ మీదే. ఆ బెంచీ కుర్రాడే 1961 నుంచి 1997 దాకా నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్. 1981లో ఆయన దగ్గర చేరిన ఒక కొత్త కుర్రాడి పేరు మీకు తెలుసు: మైకేల్ జోర్డాన్.

డీన్ స్మిత్ గురించి చెప్పుకునేటప్పుడు గెలిచిన మ్యాచ్‌ల లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా చెబుతారు. ఆయన దగ్గర ఆడినవాళ్లలో నూటికి 96 మందికి పైగా డిగ్రీ పూర్తి చేశారు. 2015లో ఆయన కన్నుమూశాక, ఆయన వీలునామా ప్రకారం జట్టులోని పాత ఆటగాళ్లకు తలా 200 డాలర్ల చెక్కు వెళ్లింది, బయటికెళ్లి మంచి భోజనం చేయమని. రిటైరై 18 ఏళ్లయినా ఆ పిల్లలు ఆయన లెక్కలోనే ఉన్నారన్నమాట.

ఓడిన కోచ్ నుంచి బెంచీ మీది కుర్రాడి దాకా, అక్కడి నుంచి జోర్డాన్ దాకా వరస చూశారు కదా. కోచ్ పని ఫలితం ఎప్పుడు, ఎవరి చేతిలో తేలుతుందో ఆ సీజన్‌లో ఎవరికీ తెలియదు. ఈ ఉద్యోగంలోని కష్టమూ అదే, అందమూ అదే.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి నందనం దాకా

‘అదంతా అమెరికా, ఇది నగరి’ అంటారేమో. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ మనకు మీరనుకున్నంత దూరమేం కాదు. అక్కడే చదువుకున్న హెచ్.సి. బక్ అనే వైఎంసీఏ మనిషి 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టారు. ఆసియాలోనే ఇలాంటి కాలేజీల్లో మొదటిదని చెప్పే ఆ సంస్థ ఇప్పుడు చెన్నై నందనంలో ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టుకు మేనేజర్ కూడా ఆయనే. మన దేశానికి బాస్కెట్‌బాల్ వచ్చింది వైఎంసీఏల దారినే.

ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కి తిరుత్తణి, అరక్కోణం దాటితే చెన్నై. సుమారు వంద కిలోమీటర్లు. పెళ్లి చీరలకీ, పెద్దాసుపత్రికీ మనం పోయే దారే అది. ఈ ఆటను నేర్పడం ఎలాగో నేర్పిన మొదటి బడి ఆ దారి చివర ఉంది. మీ పీడీ సార్ చాక్‌పీస్‌తో నేల మీద గీత గీసి ‘ఈ కాలు కదిలించొద్దు, ఆ కాలు మీద తిరుగు’ అని చెప్పే పాఠం చేతులు మారుతూ మారుతూ అట్లా వచ్చిందే.

పొద్దున ఐదున్నరకు మొదలు

ఇక మన దగ్గర ఈ పని నిజంగా ఎలా ఉంటుందో చూడండి. మన ప్రాంతంలో చాలా కాలేజీల్లో ‘బాస్కెట్‌బాల్ కోచ్’ అని వేరే పోస్టు ఉండదు. ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరే. కబడ్డీ ఆయనే, వాలీబాల్ ఆయనే, ఖోఖో ఆయనే. ఆగస్టు 15కి మార్చ్‌పాస్ట్ ఆయనే. కారిడార్‌లో ఎవరైనా అరిస్తే పిలిచేదీ ఆయన్నే. ఇన్ని మధ్య మిగిలిన టైములో ఎంచుకున్న ఆటకు జట్టు తయారు చేయాలి.

ఎండాకాలంలో పొద్దున ఐదున్నరకే ప్రాక్టీస్ మొదలవ్వాలి. ఎనిమిదైతే సిమెంటు కోర్టు కాలుతుంది. సాయంత్రం ఇంకో చిక్కు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఊరి బస్సు వెళ్లిపోతే ఇంకో దారి ఉండదు. మరమగ్గాల ఇళ్ల పిల్లలకు సెలవు రోజున మగ్గం దగ్గర పని ఉంటుంది. మ్యాచ్ ఆదివారమే పెట్టామంటే ఆ పిల్లాడికి ఒక రోజు కూలి పోయినట్టు. కోచ్ చేసే మొదటి పని ఇంకా బంతి దాకా రానేలేదు చూశారా? ఎవరి బస్సు ఎన్నింటికి, ఎవరు టిఫిన్ తినకుండా వచ్చారు, ఎవరికి అటెండెన్స్ తగ్గింది, ఎవరి షూస్ అడుగు ఊడింది... ఇవన్నీ తెలిశాకే లేఅప్, డిఫెన్స్.

అమెరికాలో ఎక్కువ పేరున్న కాలేజీ కోచ్ జాన్ వుడెన్ ఏం చేసేవారో తెలుసా? ఏటా మొదటి రోజు ఆటగాళ్లను కూర్చోబెట్టి సాక్సులు ముడత పడకుండా ఎలా తొడుక్కోవాలో, షూ లేసులు ఎలా బిగించాలో నేర్పేవారు. ముడత పడితే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ప్రాక్టీస్ పోతుంది. ఆయన 1948లో యూసీఎల్ఏలో చేరారు. మొదటి జాతీయ టైటిల్ 1964లో వచ్చింది, అంటే పదహారో సీజన్‌లో. ఆ తర్వాత 1975లో రిటైరయ్యేలోపు మొత్తం పది టైటిళ్లు. పది టైటిళ్లు అందరూ చెబుతారు. మీరు ఈ ఉద్యోగంలోకి రావాలనుకుంటే ఆ ముందు పదిహేను సీజన్ల మాట గుర్తు పెట్టుకోండి.

కాలా, కప్పా?

ఈ ఆటలో చీలమండ మెలితిరగడం మామూలు. రీబౌండ్‌కి దూకి దిగేటప్పుడు పక్కవాడి పాదం మీద పడితే చాలు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మన ప్రాంతంలో తాతల నాటి అలవాటు. దేశం నలుమూలల నుంచీ జనం వస్తుంటే పక్క ఊరివాళ్లం మనం పోకుండా ఉంటామా? అయితే కోర్టు మీద మొదటి పది నిమిషాలు కోచ్ చేతిలోనే ఉంటాయి. ఆట ఆపించాలి, ఐసు పెట్టాలి, కాలు ఎత్తులో ఉంచాలి. బరువు మోపి నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించేదాకా ఊరుకోకూడదు.

ఇదంతా నేర్చుకోవచ్చు. కష్టమైంది ఆ తర్వాత వస్తుంది. రేపు ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్. ఆ పిల్లాడు మీ బెస్ట్ ప్లేయర్. ‘సార్, గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టండి సార్, ఆడేస్తా’ అంటాడు. ప్రిన్సిపాల్ గారు మ్యాచ్‌కి వస్తానన్నారు. మిగతా పిల్లలు మీ మొహం వైపు చూస్తున్నారు. వాడిని కూర్చోబెడితే ఓడిపోతామని మీకు తెలుసు. ఆడిస్తే గెలవచ్చు, వాడి కాలు ఏళ్ల తరబడి సతాయించనూ వచ్చు.

కోచ్ ఉద్యోగానికి అసలు పరీక్ష ఇదే. ఏ సర్టిఫికెట్‌లోనూ దీనికి మార్కులుండవు. కూర్చోబెట్టిన కోచ్ మరుసటి రోజు ‘ఓడిన కోచ్’ అవుతారు. ఆ పేరు మోయగలనా అని మిమ్మల్ని మీరు ఇప్పుడే అడగండి.

‘ఆ బంతి అన్నం పెడతాదా?’

ఇంట్లో వచ్చే ప్రశ్న ఇదే కదా. ‘పొద్దస్తమానం బంతి పట్టుకోని తిరగతా ఉండావు, రేపు అది అన్నం పెడతాదా?’ అని అమ్మ అడుగుతుంది. అమ్మ మీద కోపం తెచ్చుకోవద్దు. సరైన ప్రశ్నే అడిగింది. సరైన జవాబు మీ దగ్గరుందా లేదా అన్నదే చూసుకోండి.

ఆట ఆడి బతకడం మన దగ్గర చాలా కొద్దిమందికే సాధ్యం. ఆట నేర్పి బతకడానికి మాత్రం దారి ఉంది. ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ. వీటికి ఏపీ పీఈసెట్ రాయాలి. ‘రాయాలి’ అన్నా నిజానికి అది పరుగు, దూకుడు, గుండు విసరడం లాంటి శారీరక సామర్థ్య పరీక్షలు, మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష. బీపీఈడీ ఉంటే డీఎస్సీ ద్వారా స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు అర్హత వస్తుంది.

కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో పీజీ 55 శాతం మార్కులతో ఉండాలి. నెట్ లేదా సెట్ అర్హత, లేదంటే నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి. పోటీల్లో ఆడిన రికార్డు చూపాలి. దాంతోపాటు ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉంది. ముప్పై ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పరిగెత్తాలి లేదా నడవాలి. ఇవన్నీ దాటి రెగ్యులర్ పోస్టు వస్తే లెక్చరర్‌తో సమానంగా యూజీసీ పదో లెవెల్‌లో మూల వేతనం రూ.57,700తో మొదలవుతుంది. అమ్మకు చెప్పాల్సిన అంకె ఇది.

ఫలానా ఆటలో కోచ్‌గా నిలబడాలంటే పటియాలలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకు విలువెక్కువ. 1961 నుంచి నడుస్తున్న ఆ సంస్థనే మనవాళ్లు ‘ఎన్ఐఎస్’ అంటారు. ఏడాది డిప్లొమాకు వెళ్లే వీలు లేనివాళ్లకు ఆరువారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది.

అంకె చెప్పేటప్పుడు అమ్మకు రెండో సగం కూడా చెప్పాలి. రెగ్యులర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి. ప్రైవేటు కాలేజీలో జీతం యాజమాన్యం ఇష్టం. కాంట్రాక్టు అయితే ప్రతి ఏడాదీ ఉంటుందో ఊడుతుందో అన్న గుబులు. అందుకే ఒక్క నోటిఫికేషన్‌ని నమ్ముకుని ఐదేళ్లు కూర్చోవద్దు. స్కూల్ పోస్టుకు చదువుతూనే కాలేజీ పోస్టుకు అర్హత తెచ్చుకోండి. రెఫరీయింగ్ నేర్చుకోండి, టోర్నమెంట్ల సీజన్‌లో నాలుగు డబ్బులొస్తాయి, రూల్స్ చేతికొస్తాయి. ఆడిన ప్రతి మ్యాచ్ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి. రాష్ట్రంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది, 2025 మెగా డీఎస్సీలో ఆ కోటాకు పోస్టులు కేటాయించారు. ట్రంకు పెట్టెలో చెదలు పట్టిన ఆ కాగితమే రేపు మీ అర్హత కావచ్చు.

అమ్మాయిలూ, ఇది మీక్కూడా

మన కాలేజీల్లో అమ్మాయిల జట్టు అంటే చాలాసార్లు టోర్నమెంటుకు వారం ముందు పేర్లు రాసుకునే జట్టు. దానికి ఒక కారణం లేడీ కోచ్‌లు తక్కువ కావడం. కూతురిని పక్క ఊరికి మ్యాచ్‌కి పంపాలంటే ‘వెంట ఎవరొస్తారు?’ అని నాన్న అడుగుతాడు. ‘మేడం వస్తుంది’ అన్న జవాబు ఉంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

1974లో అమెరికాలో టెనెసీ యూనివర్సిటీ మహిళల జట్టుకు ప్యాట్ సమిట్ కోచ్ అయినప్పుడు ఆమెకు 22 ఏళ్లు. నెలకు 250 డాలర్లు జీతం. జట్టు బట్టలు తనే ఉతికేది, మ్యాచ్‌లకు వ్యాను తనే నడిపేది. యూనిఫాంలకు డబ్బు లేకపోతే డోనట్లు అమ్మి కొన్నారు. మన పీడీలకు ఈ కథ కొత్తగా ఏం అనిపించదు. ఆమె అక్కడే 38 సీజన్లు ఉండి 1,098 మ్యాచ్‌లు, 8 జాతీయ టైటిళ్లు గెలిచింది. ఇంకో సంగతి, ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా అందుకుంది. ఒక్కరు కూడా మధ్యలో ఆగిపోలేదు. నన్నడిగితే ఆ 1,098 కంటే ఇదే పెద్ద రికార్డు.

యాజమాన్యాలకు ఒక మాట

ఏడాది చివర పీడీని పిలిచి ‘ఎన్ని కప్పులు తెచ్చారు?’ అని అడిగే కాలేజీలు ప్రశ్న మార్చాలి. ‘మీ జట్టులో చేరిన పన్నెండు మందిలో ఎంతమంది మూడో ఏడాది దాకా ఉన్నారు? ఎంతమంది పాసయ్యారు?’ అని అడగండి. కప్పు ఒక్క కాలేజీకే వస్తుంది. ఈ లెక్క ప్రతి కాలేజీ గెలవగలిగింది.

కోర్టుకు డబ్బు లేదంటారా? 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న పూర్తి కోర్టు అన్నిచోట్లా కుదరదు, నిజమే. టోక్యో ఒలింపిక్స్‌లో చేరిన త్రీ ఆన్ త్రీ ఆటకు సగం కోర్టు చాలు. ఒకే బోర్డు, ఒకే రింగు. జట్టుకు ముగ్గురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్. పది నిమిషాలు లేదా ముందుగా 21 పాయింట్లు. నలుగురు పిల్లలు, ఒక గోడవారగా ఖాళీ స్థలం ఉన్న ఏ కాలేజీ అయినా మొదలుపెట్టొచ్చు. తప్పకుండా కావాల్సింది రోజూ ఆ గంట పిల్లలతో నిలబడే మనిషి. ఆ మనిషిని మార్చ్‌పాస్ట్‌కీ, క్రమశిక్షణకీ మాత్రమే వాడుకుంటే ఆ నాలుగు గజాల కోర్టు కూడా సైకిల్ స్టాండ్ అవుతుంది.

మూడు నెలలు చేసి చూడండి

చివరగా, ఇంకా తేల్చుకోలేని మీకు ఒక సలహా. పీఈసెట్ అప్లికేషన్ నింపకముందే ఒక పని చేయండి. మీ వీధిలోనో, మీరు చదివిన హైస్కూల్లోనో హెడ్‌మాస్టర్‌ని అడిగి పదిమంది పిల్లలను తీసుకోండి. వారానికి మూడు రోజులు, పొద్దున గంట. మూడు నెలలు. డబ్బు తీసుకోవద్దు. వాళ్లలో అందరికంటే బాగా ఆడేవాడిని కాదు, అందరికంటే వెనకబడినవాడిని గమనిస్తూ ఉండండి. బంతి వస్తే కళ్లు మూసుకునే పిల్లాడు ఒకడు ఉంటాడు. మూడు నెలల తర్వాత వాడు కళ్లు తెరిచి బంతి పట్టుకున్న రోజు మీకు కలిగే సంతోషం, మీరు మ్యాచ్ గెలిచిన రోజు కలిగిన సంతోషం కంటే ఎక్కువైతే, ధైర్యంగా ఇంట్లో చెప్పేయండి. అంకెలు పైన రాశాను, అమ్మ ముందు పెట్టండి. తక్కువైతే మాత్రం ఆటగాడిగానే ఆనందంగా ఉండండి, వేరే ఉద్యోగం చూసుకోండి. అందులో తప్పేమీ లేదు.

ఇప్పటికే ఏదో ఒక కాలేజీలో పీడీగా ఉంటూ, ఈసారి కూడా మొదటి రౌండ్లోనే ఓడిపోయి వచ్చామని దిగులుపడుతున్న సార్లకు, మేడంలకు కూడా ఒక మనవి. పాత అటెండెన్స్ రిజిస్టర్ ఒకసారి తెరిచి, మీ జట్టుకు ఆడిన పిల్లల పేర్లు వరసగా చదవండి. ఒక్కో పేరు పక్కన వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో రాసుకోండి. తెలియనివాళ్లకు ఫోన్ చేయండి. మీ స్కోరు మీకు అక్కడ కనబడుతుంది.